పాటలు బాగానే వస్తాయి, మాటే వెళ్లదు: కారు బ్లూటూత్ కాల్స్ గురించి ఒక మాస్టారికి సమాధానం

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ తెలియడానికి ముందు మీ ఇబ్బందేమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను. మీ బడి నరసన్నపేట వైపు, ఇల్లు విజయనగరం. శనివారం సాయంత్రం కారులో ఇంటికొస్తారు, సోమవారం తెల్లవారకముందే బయల్దేరతారు. కారు ఏడేళ్లది, కంపెనీ ఇచ్చిన ఆడియో సెట్టే ఉంది. దసరాకు కారు లోపలంతా క్లీనింగ్ చేయించారు, ఆ తర్వాత కొద్దిరోజులకే ఫోన్ మార్చారు. ఇప్పుడు పాటలు చక్కగా వస్తున్నాయి గానీ, కాల్ వస్తే మీ మాట అవతలివాళ్లకు బావిలోంచి వచ్చినట్టు వినబడుతోంది. కొన్ని కాల్స్ కారులోకి రాకుండా ఫోన్‌లోనే ఉండిపోతున్నాయి. స్క్రీన్ మీద పేర్ల బదులు డబ్బాలు కనబడుతున్నాయి. ఒకచోట చూపిస్తే సెట్టు మార్చాల్సిందే అన్నారు.

అప్పుడే మార్చకండి. విజయనగరంలో కార్ల ఆడియో, వైరింగ్ పని చేస్తూ 22 ఏళ్లు గడిచాయి నాకు. బ్లూటూత్ పాడైందని వచ్చిన బళ్లలో నిజంగా సెట్టే పోయినవి బాగా తక్కువ. మీరు చెప్పిన మూడూ ఒకే జబ్బుకు మూడు లక్షణాలు కావు, మూడు వేర్వేరు జబ్బులు. అన్నీ ఒకేసారి కనబడేసరికి కారణం కూడా ఒకటే అనుకున్నారు. చూసినవాళ్లూ అలాగే అనుకున్నట్టున్నారు. మాట సరిగా వెళ్లకపోవడం మైకు సంగతి. కాల్ ఫోన్‌లోనే ఉండిపోవడం ఫోన్ సెట్టింగుల సంగతి, లేదంటే మధ్యలో ఇంకో పరికరం దూరిన సంగతి. డబ్బాలు అక్షరాల సంగతి. మూడింటికీ కలిపి సెట్టు మార్చేస్తే మీ డబ్బు పోతుంది, మైకు బాధ మాత్రం కొత్త సెట్టులో కూడా అలాగే ఉండొచ్చు.

"పాటలు వస్తున్నాయంటే బ్లూటూత్ బాగున్నట్టేగా, మరి కాల్‌కి ఏమైంది?" అని షాపుకొచ్చిన ప్రతి ఒక్కరూ అడుగుతారు. బ్లూటూత్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ లోపల దారులు వేరు. పాటలు వెళ్లేది ఒక దారి, దాని పేరు ఏ2డీపీ. అది ఒకవైపు దారి, ఫోన్ నుంచి స్పీకర్లకు మాత్రమే. కాల్ వెళ్లేది ఇంకో దారి, దాన్ని హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ అంటారు. అందులో మాట రావాలి, మాట పోవాలి, కాల్ ఎత్తడం, పెట్టేయడం లాంటి ఆజ్ఞలు కూడా నడవాలి. కాంటాక్ట్స్ వెళ్లేది మూడో దారి. వీటిలో ఒకటి మూసుకుపోయినా మిగతావి మామూలుగా నడుస్తూనే ఉంటాయి. అందుకని పాటలు రావడం కాల్ బాగుందనడానికి సాక్ష్యం కాదు.

ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచి, మీ కారు పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. అక్కడ ఫోన్ కాల్స్, మీడియా ఆడియో, కాంటాక్ట్స్ షేరింగ్ అని విడివిడిగా బటన్లు ఉంటాయి. ఈ బటన్ల పేర్లు ఒక్కో కంపెనీ ఫోన్‌లో కొంచెం తేడాగా ఉండొచ్చు. ఫోన్ కాల్స్ అన్నది ఆఫ్‌లో ఉంటే కాల్ కారులోకి రాదు. కొత్త ఫోన్‌ను మొదటిసారి కలిపినప్పుడు కాంటాక్ట్స్‌కు అనుమతి ఇవ్వాలా అని ఒక పెట్టె వస్తుంది. హడావిడిలో వద్దు అని నొక్కేస్తే పేర్లు రావు, నంబర్లే వస్తాయి. కారు కాల్స్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ ఒక్క పేజీలోనే తీరిపోతాయి.

ఇక మైకు. అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే.

కాల్ కారు స్పీకర్లలో వినబడుతున్నప్పుడు మీ మాటను తీసుకునేది ఫోన్ మైకు కాదు, కారు మైకు. ఫోన్‌ను నోటి దగ్గరకు తెచ్చి గట్టిగా మాట్లాడేవాళ్లను చాలామందిని చూశాను, దానివల్ల ఏమీ ఒరగదు. కంపెనీ సెట్టు ఉన్న కారులో మైకు సాధారణంగా పైన ముందు లైటు పక్కన చిన్న చిల్లుల వెనక ఉంటుంది. కొన్నిటిలో స్టీరింగ్ దగ్గరి ప్లాస్టిక్ కవరులో, కొన్నిటిలో అద్దం పక్క పిల్లర్ మీద. మీ కారు పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. బయట కొని వేయించిన సెట్టయితే మైకు ముందు పలక మీదే సూది మొనంత చిల్లులో ఉంటుంది, లేదా సన్నటి వైరుతో విడిగా వస్తుంది.

మీ మాటల్లో నాకు పట్టింది దసరా క్లీనింగ్. రెండేళ్ల కిందట బొబ్బిలి నుంచి ఒక పెద్దాయన కారు తెచ్చారు. అప్పటికే ఒకసారి సెట్టు మార్పించారు. అయినా కూతురు ఫోన్ చేస్తే "నాన్నా, ఏటీ ఇనబడ్డం లేదు" అంటోందని చెప్పారు. నేను సెట్టు ముట్టుకోలేదు. పైన లైటు పలకను ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపాను. మైకు దాని గూటిలో లేదు. శనగగింజంత నల్లటి మైకు, రెండు సన్నటి వైర్లతో, టాప్ లైనింగ్ వెనక స్పాంజి మీద వెల్లకిలా పడి ఉంది. ముఖం ఇనుప రేకు వైపు, వీపు మన వైపు. లైనింగ్ షాంపూ చేసినప్పుడు లైటు విప్పి, మళ్లీ పెట్టేటప్పుడు మైకును గూటిలోకి నొక్కలేదు. దాన్ని తిప్పి, గూటిలో టిక్కుమనేదాకా నొక్కి, అక్కడే నిలబడి ఆయన చేత కూతురికి ఫోన్ చేయించాను. అవతల్నుంచి "ఇప్పుడు పక్కనున్నట్టే ఉంది నాన్నా" అంది. అంతకన్నా పని ఏమీ లేదు. కొత్త సెట్టు తెచ్చినా మైకు పాతదే వాడారు కాబట్టి బాధ అలాగే మిగిలింది.

మీ కారులో కూడా ఇదే జరిగిందని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. కానీ మొదట చూడాల్సింది అక్కడే. దానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఆదివారం ఇంటి ముందు బండి ఆపి, ఇంజిన్ ఆపి, తాళం మాత్రం సెట్టు పనిచేసే దగ్గర ఉంచి, అద్దాలు ఎత్తి, ఏసీ లేకుండా ఇంట్లోవాళ్లకు కాల్ చేయండి. వాళ్లను దూరంగా ఓ గదిలో కూర్చుని వినమనండి. మీరు మామూలు గొంతుతో ఒక నిమిషం పాటు ఏదైనా పాఠం చెప్పండి. తర్వాత చూపుడువేలితో మైకు చిల్లుల మీద రెండుసార్లు మెల్లగా తట్టండి. తట్టినప్పుడు వాళ్లకు టపటపమని గట్టిగా వినబడితే మైకు బతికే ఉంది, చిల్లు తెరిచే ఉంది. ఏదో దూరంగా దబదబమన్నట్టుంటే మైకు పక్కకు జారింది, లేదా చిల్లు పూడింది. ఏమీ వినబడకపోతే వైరో మైకో పోయినట్టు. ఇదంతా బాగుండి ఇంజిన్ వేసి ఏసీ పెద్దది చేశాకే మాట పాడైతే, అది గాలి హోరు. డ్యాష్‌బోర్డు గాలి మీ ముఖానికి కాకుండా కిందికి తిప్పి, ఫ్యాను రెండు మెట్లు తగ్గించి మళ్లీ చూడండి.

చిల్లు పూడటం గురించి ఒకమాట. మన దగ్గర కొత్త బండి కొన్నా, ఆయుధపూజ వచ్చినా పైడితల్లి అమ్మవారి గుడి దగ్గరో అరసవల్లిలోనో పూజ చేయిస్తాం. పసుపు, గంధం, కుంకుమ బొట్టు స్టీరింగ్‌కు, సెట్టుకు కూడా పెడతాం. మైకు ముందు పలక మీద ఉన్న సెట్లలో ఆ గంధం తడిగా చిల్లులోకి దిగి, ఎండి, సున్నంలా గట్టిపడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఎండిన మెత్తటి టూత్‌బ్రష్‌తో పైపైన దులిపితే పోతుంది. పిన్నీసు గుచ్చకండి, వెనకున్న పల్చటి పొర చిరుగుతుంది. నోటితో ఊదకండి, తడి చేరుతుంది. డ్యాష్‌బోర్డుకు పాలిష్ కొట్టేటప్పుడు కూడా నేరుగా స్ప్రే చేయకుండా గుడ్డకు రాసి తుడవమనండి. అది జిడ్డుగా చిల్లులో పేరుకుని, దాని మీద దుమ్ము పట్టి మూసేస్తుంది. బొట్టు పెట్టాలనుకుంటే స్టీరింగ్‌కు పెట్టుకోండి, సెట్టును వదిలేయండి.

సముద్రం దగ్గరి ఊళ్ల బళ్లలో ఇంకొకటి కూడా ఉంటుంది. కళింగపట్నం, బారువ వైపు నుంచి వచ్చే కార్లలో వెనక ప్లగ్గుల పిన్నులు పచ్చటి చిలుము పట్టి ఉంటాయి, ఉప్పుగాలి మహిమ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక ఏడాది పాటు పలాస, టెక్కలి వైపు నుంచి నీళ్లలో నానిన బళ్లు వస్తూనే ఉండేవి. పైకి ఆరిపోయినట్టే ఉంటాయి. సెట్టు వెనక మైకు ప్లగ్గు లాగి చూస్తే పచ్చగా ఉండేది. పిన్నులు శుభ్రం చేసే స్ప్రే, కాంటాక్ట్ క్లీనర్, కొట్టి, బ్రష్‌తో రుద్ది, ఆరనిచ్చి పెడితే మాట మళ్లీ స్పష్టంగా వచ్చేది. గోతులు వచ్చినప్పుడే మాట తెగుతోందంటే ఇలాంటి వదులు ప్లగ్గును అనుమానించాలి.

మైకు, వైరు బాగున్నాయో లేదో తెలుసుకోవడానికి మెకానిక్ దగ్గర మల్టీమీటర్ ఉంటే చాలు. మైకు దానంతట అది పనిచేయదు, సెట్టు నుంచి కొద్దిపాటి డీసీ వోల్టేజి అందాలి. సెట్టు ఆన్‌లో ఉంచి, ఒక కాల్ పెట్టుకుని, మైకు దగ్గరి రెండు వైర్ల మధ్య కొలిస్తే ఒకటి రెండు వోల్టులైనా చూపించాలి. అసలు సున్నా అయితే వైరు తెగి ఉండాలి, లేదా సెట్టు లోపలే లోపం. వోల్టేజి ఉండి మాట రాకపోతే మైకు పోయింది. మైకు ఖర్చు వందల్లో ఉంటుంది, సెట్టు ఖర్చు వేలల్లో. ఈ కొలత తీయకుండా సెట్టు మార్చమన్న మాట వినకండి.

మాట స్పష్టంగా ఉన్నా పల్చగా, పాత ల్యాండ్‌లైన్‌లా ఉంటే అది లోపం కాకపోవచ్చు. హ్యాండ్స్‌ఫ్రీ దారి మొదట్లో గొంతును సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలిచి పంపేది. 2011లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి 16,000 సార్లు కొలిచే పద్ధతి చేరింది. ఫోన్, సెట్టు రెండూ దాన్ని ఒప్పుకుంటేనే ఆ నిండు గొంతు వస్తుంది. పాత సెట్టుకు ఎంత ఖరీదైన ఫోన్ కలిపినా పాత గొంతే.

ఇప్పుడు మీ రెండో బాధ, కాల్ ఫోన్‌లోనే ఉండిపోవడం. ఇది ప్రతిసారీ కాకుండా ఒక్కోసారే అవుతోందన్నారు. అలాంటప్పుడు నేను ముందు అడిగేది: చేతికి వాచీ ఏమిటి? ఈ మధ్య అందరూ కాలింగ్ ఉన్న స్మార్ట్‌వాచీలు పెట్టుకుంటున్నారు. ఆ వాచీ కూడా ఫోన్‌కు ఒక హ్యాండ్స్‌ఫ్రీ పరికరమే, కారుకు పోటీదారు. కాల్ వస్తే ఫోన్ ఒక్కోసారి వాచీకి ఇస్తుంది, ఒక్కోసారి కారుకు. జేబులో ఇయర్‌బడ్స్ డబ్బా మూత ఊడినా అంతే. ఇంట్లోవాళ్ల ఫోన్ కూడా ఇదే కారుకు కలిపి ఉంటే, బండి ఇంటి ముందు స్టార్ట్ చేసినప్పుడు లోపల టేబుల్ మీదున్న ఆ ఫోన్ ముందుగా అతుక్కుంటుంది. మీరు వీధి మలుపు తిరిగాక అది తెగిపోతుంది, మీ ఫోన్ మాత్రం కలవదు. ఒక వారం పాటు వాచీలో కాలింగ్ ఆపి, రెండో ఫోన్‌ను కారు జాబితాలోంచి తీసేసి చూడండి. బాధ పోయిందంటే దొంగ దొరికినట్టే.

కాల్ నడుస్తున్నప్పుడు ఫోన్ స్క్రీన్ మీద ఆడియో అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఫోన్, స్పీకర్, కారు, వాచీ అని పేర్లు వస్తాయి. కాల్ ఇప్పుడు ఎటు పోయిందో అక్కడ తెలుస్తుంది. బండి ఆపి ఉన్నప్పుడు ఒకసారి చూసుకోండి. ఐఫోన్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, టచ్, కాల్ ఆడియో రూటింగ్ అన్న చోట ఆటోమేటిక్ అని ఉందో లేదో చూడాలి. స్పీకర్ అని పెట్టి మరచిపోతే ప్రతి కాలూ ఫోన్ స్పీకర్‌లోనే మోగుతుంది.

బ్యాటరీ ఆదా సెట్టింగ్ ఇంకో దొంగ. కొత్త ఫోన్లలో చాలావాటికి బ్యాటరీ తక్కువైతే వెనక నడిచే పనులను ఆపేసే అలవాటు ఉంది. శనివారం సాయంత్రానికి మీ ఫోన్ 20 శాతానికి దిగి, బ్యాటరీ సేవర్ పడి, కాల్స్ తేడాగా ఉంటున్నాయేమో గమనించండి. సోమవారం పొద్దున నిండు ఛార్జింగ్‌తో బయల్దేరినప్పుడు బాగుంటోందంటే కారణం అదే.

రెండు సిమ్ములున్నవాళ్లకు మాత్రమే వచ్చే ఇబ్బంది ఒకటి ఉంది. కారు స్క్రీన్ నుంచి కాల్ చేస్తే కలవదు, డయలింగ్ అని అలాగే ఉండిపోతుంది. ఏ సిమ్ నుంచి చేయాలో ప్రతిసారీ అడుగు అని ఫోన్‌లో పెట్టి ఉంటే, ఫోన్ తెర మీద ఆ ప్రశ్న వచ్చి మీ వేలి కోసం ఎదురు చూస్తుంటుంది. ఫోనేమో జేబులో. కాల్స్‌కు ఒక సిమ్‌ను శాశ్వతంగా ఎంచి పెట్టేయండి.

ఇవన్నీ చూసినా తేడా రాకపోతే రెండువైపులా తుడిచి మళ్లీ కలపాలి. ఇక్కడే చాలామంది సగం పని చేస్తారు. ఫోన్‌లో కారు పేరు తీసేస్తారు, కారులో ఫోన్ పేరు మాత్రం వదిలేస్తారు. ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఫోన్, సెట్టు రెండూ దాచుకునే రహస్య సంకేతం ఒకటే కావాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే కలిసినట్టే కలిసి తెగిపోతుంది. కాబట్టి ఫోన్‌లో కారును ఫర్గెట్ చేయండి, కారు సెట్టులో మీ ఫోన్‌ను, మీ పాత ఫోన్‌ను కూడా డిలీట్ చేయండి. ఫోన్ స్విచాఫ్ చేసి ఆన్ చేయండి. కారు ఆపి తాళంచెవి బయటికి తీసి, తలుపు తెరిచి మూసి, ఐదు నిమిషాలు ఆగండి. తాళం తీసిన వెంటనే కొన్ని సెట్లు పూర్తిగా నిద్రపోవు, ఈ ఐదు నిమిషాలు అందుకే. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేశాకే కలపండి. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా పడి, సెట్టు ఆగి మళ్లీ లేస్తుంది. ఆ లోపు కలిపితే సగంలో తెగుతుంది. ఆరంకెల సంఖ్య రెండు తెరల మీదా ఒకటేనా చూసి ఒప్పుకోండి. పాత సెట్లయితే 0000 గానీ 1234 గానీ అడుగుతాయి. కాంటాక్ట్స్, కాల్స్ అనుమతులు అన్నిటికీ సరే అనండి. బండి నడుస్తుండగా ఈ పని కొన్ని కార్లు చేయనివ్వవు, చేయనిచ్చినా మీరు చేయకండి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు పాత యజమాని ఫోన్లన్నీ జాబితాలోంచి తీసేయాలి. సెట్టుకు ఇన్ని ఫోన్లే గుర్తుంచుకోగలనని ఒక హద్దు ఉంటుంది, అది నిండితే కొత్త ఫోన్‌ను రానివ్వదు. మీ కారు అమ్మేటప్పుడు కూడా ముందు తుడవండి. మీ ఇంటివాళ్లందరి నంబర్లూ అందులో కూర్చుని ఉంటాయి.

ఫోన్‌కు అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచే మొదలైందంటే కథ వేరు. ఆండ్రాయిడ్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో బ్లూటూత్ ఏవీఆర్‌సీపీ వెర్షన్ అని ఉంటుంది, పాట పేర్లు, పాట మార్చే బటన్ల ఆజ్ఞలు వెళ్లే దారి అది, పాత సెట్లకు దాన్ని ఒక మెట్టు తగ్గిస్తే పాట పేర్లు, బటన్ల గోల కొన్నిసార్లు సర్దుకుంటుంది. అది కాల్ దారి కాదు కాబట్టి మీ బాధకు పనికిరాదు. తెలియని మిగతా మీటలు కదపకండి. ఆఖరి మందుగా ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ రీసెట్ ఉంది. దానివల్ల ఫోటోలు, మెసేజ్‌లు పోవు గానీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ మళ్లీ కొట్టుకోవాలి, ముందే రాసి పెట్టుకోండి.

మూడోది డబ్బాలు. మీరు కాంటాక్ట్స్ తెలుగులో రాసుకున్నారు కదూ? తెలుగు మాస్టారు, తెలుగులోనే రాసుకుంటారు, నాకది సంతోషమే. పేర్లు ఫోన్ నుంచి కారుకు సరిగ్గానే వెళ్తున్నాయి. కానీ మీ సెట్టులో తెలుగు అక్షరాల ఫాంట్ లేదు. రాయడం రాదు కాబట్టి ప్రతి అక్షరానికీ ఒక డబ్బా గీస్తుంది. సెట్టు పాడవలేదు, దానికి మన భాష నేర్పలేదు, అంతే. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో చేరిస్తే తప్ప మనం చేయగలిగింది లేదు. మన రాష్ట్రంలో అమ్మే కారులో మన అక్షరాలు కనబడాలని సర్వీసుకు వెళ్లినప్పుడల్లా అడగండి, రాతపూర్వకంగా అడగండి. అందాకా దారిలో తరచుగా మాట్లాడే పదిమంది పేర్లను మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి. ఫోన్‌ను వైరుతో కలిపి ఆండ్రాయిడ్ ఆటో వాడే కార్లలో తెర మీద బొమ్మ ఫోన్ నుంచే వస్తుంది కాబట్టి తెలుగు చక్కగా కనబడుతుంది. అక్కడా ఒక మెలిక ఉంది. వైరు పెట్టినా కాల్ మాట వెళ్లేది బ్లూటూత్ మీదే. వైరు ఉంది కదా అని బ్లూటూత్ ఆపేస్తే కాల్ ఫోన్‌లోనే ఉండిపోతుంది.

పేరు ఇంగ్లిష్‌లో ఉన్నా నంబరే కనబడుతుంటే, ఆ నంబర్‌ను ముందు సున్నాతో రాసుకున్నారేమో చూడండి. +91 పెట్టి పది అంకెలు రాస్తే కొన్ని సెట్లు పేరును సరిగ్గా పట్టుకుంటాయి.

అవతలివాళ్లకు వాళ్ల మాటే మళ్లీ వినబడటం మీరు చెప్పలేదు గానీ, చాలామంది అడిగేదే. కారు స్పీకర్ల మోత మైకులోకి తిరిగి వెళ్తోందన్నమాట. కాల్ నడుస్తుండగా కారు వాల్యూమ్ నాలుగు మెట్లు తగ్గించండి. కాల్ వాల్యూమ్, పాటల వాల్యూమ్ సెట్టులో విడివిడిగా ఉంటాయి, కాల్‌లో ఉన్నప్పుడు తిప్పితేనే కాల్‌ది మారుతుంది. బయటి సెట్లలో మైకు మాటను ఎంత పెంచాలో చెప్పే మైక్ గెయిన్ అని ఉంటే దాన్నీ కొంచెం దించాలి. విడి మైకును డ్యాష్‌బోర్డు మీద స్పీకర్ పక్కన అతికించి ఉంటే, అక్కణ్నుంచి తీసి డ్రైవర్ వైపు పిల్లర్ మీద నోటికి ఎదురుగా పెట్టించండి. వైరును కరెంటు వైర్లతో కలిపి కట్టొద్దని కూడా చెప్పండి, గుయ్యిమనే శబ్దం దాన్లోంచే దూరుతుంది.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్‌ఎం బ్లూటూత్ ముక్కలతో కాల్స్ మాట్లాడటం నాకు ఇష్టం లేదు. మైకు గేరు దగ్గర ఎక్కడో ఉంటుంది, మాట ఎఫ్‌ఎం మీద ఎక్కి రేడియోలోకి వెళ్తుంది, ఊరు మారితే అదే నంబరు మీద ఇంకో స్టేషన్ వచ్చి పడుతుంది. పాటలకైతే సరే.

మధ్యమధ్య మాట తెగిపోవడానికి బ్లూటూత్‌ను తిట్టేముందు నెట్‌వర్క్‌ను చూడాలి. సాలూరు దాటి ఘాట్ ఎక్కాక మాట ముక్కలైతే అది టవర్ సంగతి. ఫోన్‌లో దాచుకున్న పాట పెట్టి చూడండి, అది ఆగకుండా నడిచిందంటే బ్లూటూత్ బాగుంది. పాట కూడా తెగుతుంటే ఫోన్ ఎక్కడ పెట్టారో చూసుకోండి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద, 79 ఛానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతూ నడుస్తుంది. మొండి పద్ధతే గానీ లోహాన్ని, నీళ్లను దాటలేదు. మన ఒళ్లు చాలావరకు నీళ్లే కాబట్టి వెనక జేబులో పెట్టుకుని మీద కూర్చుంటే బలం తగ్గుతుంది. ఒక మేడమ్ ఫోన్‌ను సంచిలో స్టీలు క్యారేజీకి ఆనించి వెనక సీటు కింద పెట్టేవారు, రోజూ తెగేది. ముందుకు తెచ్చి పెట్టుకోమన్నాను, తగ్గింది. పిల్లల కోసం ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఉంటే దాన్ని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. 2.4 మీదుంటే రెండూ ఒకే రోడ్డు మీద తోసుకుంటాయి.

నడుపుతూ మాట్లాడటం గురించి కూడా చెప్పాలి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. హ్యాండ్స్‌ఫ్రీ పెట్టుకోవడం ఎంతో నయం. కానీ శ్రీకాకుళం దాటాక రణస్థలం, పైడిభీమవరం దగ్గర ఫ్యాక్టరీ బస్సులు, లారీలు, అడ్డంగా వచ్చే పశువులు ఉంటాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. చీకటి వేళ ఆ దారిలో "బండి నడుపుతున్నాను, ఇంటికొచ్చి చేస్తాను" అనే ఒక్కమాటకే కాల్ వాడండి. పెద్ద మాటలుంటే నాతవలస జంక్షన్ దగ్గర పక్కకు ఆపుకుని మాట్లాడండి. మీ ఇంట్లోవాళ్లకు ఆ పావుగంట ఆలస్యం పర్వాలేదు.

ఆదివారం ఆ తట్టే పరీక్షలో మైకు మూగగా తేలితే, షాపుకు వెళ్లి బ్లూటూత్ రిపేర్ అనకండి. లైటు పలక లేపి మైకు గూటిలో ఉందో లేదో చూడమనండి, ప్లగ్గు దగ్గర వోల్టేజి కొలవమనండి. మైకు మార్చాల్సి వస్తే పాతదాన్ని మీ చేతికి ఇమ్మనండి. పని అయ్యాక అక్కడే, ఏసీ వేసి, ఇంట్లోవాళ్లకు ఒక కాల్ చేయండి. వాళ్లు బాగా వినబడుతోంది అన్నాకే పలక స్క్రూలు బిగించమనండి.